మాట కుదరని బిడ్డలు: సహాయ మెక్కడ నున్నది?

సర్పంచులకు, వార్డు సభ్యులకు జరిగిన శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగపాఠము



రెండు దినములనుండి మీరు త్రాగునీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, ఇంటిపన్నుల వసూలు మొదలగు విషయములను చర్చించుచున్నారు. నేను చెప్పబోవునది వానివలె కంటికి కనబడునది కాదు. కాలువ పూడిపోయినచో వీధివారందరును వచ్చి మీ గుమ్మమున నిలుతురు. ఒక బిడ్డకు మాట కుదరనిచో ఎవ్వరును రారు. బిడ్డ వచ్చి చెప్పుకొనలేడు. తల్లి సిగ్గుపడి ఊరకుండును. అందుచేతనే ఈ విషయమును మీ ముందుంచవలసి వచ్చినది.

ఇది పంచాయతీ చూడవలసిన పనియేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కొరకు పదునొకండవ షెడ్యూలును చేర్చినది. అందలి 29 అంశములలో 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. 25వది స్త్రీ శిశు అభివృద్ధి. 26వది సాంఘిక సంక్షేమము. ఈ 26వ అంశమున వికలాంగుల సంక్షేమమును విడిగా పేర్కొని వ్రాసినారు. కావున ఇది దయతో చేయవలసిన అదనపు పని కాదు. మీ పనుల జాబితాలో నున్నదే.

మాట రాని పిల్లల నందరిని మనము ఒకే గాటను కట్టుచున్నాము. చెవి వినబడక మాట రానివారు కొందరు. బుద్ధివికాసము మందగించినందున మాట ఆలస్యమైనవారు కొందరు. ఆటిజము గలవారు కొందరు. నత్తిగలవారు వేరు. వీరుగాక ఇంకొక తరగతి పిల్లలున్నారు. వీరికి చెవులు వినబడును; చెప్పినది అర్థమగును; తాను చెప్పవలసినదేదో మనసులో స్పష్టముగా నుండును; కాని నోరు తిరుగదు. నేటి నా ప్రసంగము వీరిని గూర్చియే.

మాటాడుట మనకు ఊపిరి తీసినంత తేలికగా తోచును. నిజమునకు అది మిక్కిలి నేర్పుతో కూడిన పని. ఊపిరితిత్తులనుండి గాలి కొలతగా రావలెను. కంఠములోని స్వరతంత్రులు కదలవలెను. అంగిటి వెనుకనున్న మెత్తని భాగము పైకి లేచి ముక్కుదారిని మూయవలెను. నాలుక, పెదవులు, దవడ తగిన వేళకు తగిన చోటికి చేరవలెను. "బడికి పోతా" అను చిన్న మాట వెనుక ఇంత యేర్పాటు కలదు. దీని నంతటిని నడపునది మెదడు. అక్కడ చిక్కు వచ్చినచో వైద్యులు రెండు విధములుగా చెప్పుదురు.

నేడు ఊరూర ట్రాక్టర్లు వచ్చినను, ఎద్దుబండి ఉపమానమే దీనికి బాగుగా కుదురును. ఎద్దులు నీరసించినవి, లేదా ఒక ఎద్దు కాలు బిగదీసుకొనినది. బండి సరిగా నడువదు. ఇది మొదటి విధము. దీనిని డిసార్థ్రియా అందురు. నోటి కండరములు బలహీనముగానో, బిగుసుకొనియో, అదుపులేకయో ఉండును. మాట ముద్దగా, ముక్కుతో పలికినట్లుగా, మెల్లగా వచ్చును. చొంగ కారవచ్చును. పిల్లలలో దీనికి ప్రధాన కారణము సెరిబ్రల్ పాల్సీ. పుట్టుకలో ప్రాణవాయువు అందకపోవుట, నెలలు నిండకముందే పుట్టుట, పసికందునకు వచ్చిన కామెర్లు ముదురుట, మెదడువాపు జ్వరము మొదలగునవి అట్టి స్థితిని కలిగింపవచ్చును.

రెండవ విధమున ఎద్దులు దిట్టముగానే యున్నవి. పగ్గములు పట్టినవానికి ఏ పగ్గము ఎప్పుడు లాగవలెనో కుదురుట లేదు. దీనిని అప్రాక్సియా అందురు. కండరములలో లోపము లేదు. కదలికలను వరుసగా కూర్చు ఏర్పాటులో లోపము కలదు. 2007లో అమెరికా వాక్‌చికిత్సకుల సంఘము దీనికి మూడు గుర్తులను చెప్పినది. ఒకే మాటను పలికిన ప్రతిసారియు తప్పు మారుచుండుట మొదటిది. ఒక ధ్వనినుండి మరియొక ధ్వనికి సాఫీగా పోలేక సాగదీయుట, ఆగిపోవుట రెండవది. మాట యొక్క ఊనిక, ఒరవడి తప్పుట మూడవది. వేయిమంది పిల్లలలో ఒకరికో ఇద్దరికో ఇది యుండునని అంచనా.

ఈ రెండవ విధము పిల్లలకే ఎక్కువ అన్యాయము జరుగుచున్నది. వాడు నిన్న వీధిలో కుక్కను చూచి అనుకోకుండ "కుక్క" అనును. నేడు చుట్టములు వచ్చినపుడు "కుక్క అనరా" అని అడిగినచో నోరు తెరచి, పెదవులు తడుముకొని, చివరకు వేరేదో పలుకును. "నిన్న అన్నాడు గదా, నేడు ఎందుకనడు? ఇది మొండితనమే" యని తండ్రి చేయి చేసుకొనును. అది మొండితనము కాదు. తనంత వచ్చిన మాట అడిగినపుడు రాకపోవుట ఆ స్థితిలో తరచుగా కానవచ్చు లక్షణము. ఈ ఒక్క సంగతిని మీరు మీ ఊరిలో నలుగురికి చెప్పినను ఎందరో పిల్లలు దెబ్బలు తప్పించుకొందురు.

రెండేండ్ల క్రిందట ప్రదర్శన వాహనముతో ఒక గ్రామమునకు పోయినపుడు ఏడేండ్ల బాలికను చూచితిని. ఆమె పలుకునది నాకొక్క ముక్కయు తెలియలేదు. ప్రక్కనున్న అవ్వ మాత్రము "చెప్పులు తెగినాయి, కొత్తవి కొనిపెట్టమంటోంది" అని తడుముకొనకుండ చెప్పినది. ఊరివారు ఆ పిల్లను మూగది యనిరి. బడిలో విచారింపగా, పలకమీద కూడికలు తరగతిలో అందరికంటె ముందుగా చేయునది ఆమెయేనని ఉపాధ్యాయిని చెప్పినది. ఆ పిల్లకు బుద్ధి కలదు, మాటయు కలదు. ఆ మాట నెరిగినవారు ఊరంతటిలో అవ్వ యొక్కతెయే. అవ్వ ఎన్నాళ్లుండును?

ఇక నమ్మకముల మాట. మన పల్లెలలో మాట ఆలస్యమైనచో మొదట వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుదురు. అతిగా మాటాడువానిని వసపిట్ట యనుట అందరెరిగినదే. వస మెదడులోని ఈ చిక్కును విడదీయలేదు. పైగా పసిబిడ్డలకు వాంతులు కలిగింపవచ్చును. దానిలోని బీటా అసరోన్ అను పదార్థము కారణముగా అమెరికాలో 1968లోనే వసను ఆహారములలో వాడరాదని నిషేధించినారు. కొందరు నాలుక క్రింది తీగను కోయింపుమందురు. తీగ నిజముగా పొట్టిదో కాదో వైద్యుడు చూచి చెప్పవలెను గాని, కోసినంతమాత్రమున అప్రాక్సియాగాని, డిసార్థ్రియాగాని పోదు. వాతలు పెట్టు దుష్టాచారము ఎక్కడనైన మిగిలియున్నచో దానిని ఆపుట మీ బాధ్యత.

"మేనమామకు కూడ అయిదేండ్లకే మాట వచ్చినది, వీనికిని వచ్చును" అనునది అన్నిటికంటె మెత్తగా మోసపుచ్చు మాట. కొందరికి వచ్చుననుట నిజమే. రానివారికి మాత్రము ఆ నిరీక్షణలో విలువైన ఏండ్లు పోవును. మరియొకటి. బిడ్డకు ఇట్లయినచో కోడలిని నిందించు ఇండ్లున్నవి. లండనులో ఒకే కుటుంబమున మూడు తరములలో సుమారు సగముమందికి ఇట్టి మాటచిక్కు ఉండగా పరిశోధించి, 2001లో దానికి మూలమైన ఒక జన్యువులోని మార్పును కనుగొనినారు. అందరు పిల్లలలోను కారణము ఇట్లు తెలియదు గాని, తల్లి సరిగా పలుకరింపనందున ఇది వచ్చినదనుట మాత్రము అసత్యము.

ఎప్పుడు అనుమానింపవలెను? తొమ్మిది నెలలకు బిడ్డ "బబబ, దదద" యని ముచ్చట్లు చెప్పవలెను. ఏడాది దాటుసరికి ఒకటి రెండు మాటలు రావలెను. రెండేండ్లకు "అమ్మ దా", "పాలు ఇయ్యి" వంటి రెండు మాటల కూర్పు రావలెను. మూడేండ్లకు ఇంటివారికేగాక క్రొత్తవారికి కూడ చాలవరకు అర్థము కావలెను. ముచ్చట్లే లేక నిశ్శబ్దముగా పెరిగిన పసివాడు, పాలు త్రాగునపుడు తరచుగా పొరపోవు పసివాడు, మెడ నిలుపుట ఆలస్యమైన పసివాడు, వచ్చిన మాటలను పోగొట్టుకొనిన పిల్లవాడు ఎవరైనను ఉన్నచో మూడేండ్లు నిండువరకు ఆగకూడదు. ముందుగా చెవి పరీక్ష జరుగవలెను. చెవి సంగతి తేలకుండ మాటకు చికిత్స మొదలుపెట్టుట నీరున్నదో లేదో చూడకుండ మోటారు బిగించుట వంటిది.

ఇక సహాయ మెక్కడ దొరకునో చెప్పెదను. మొదటి మెట్టు మీ ఊరి అంగన్‌వాడియే. 2013లో కేంద్రప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ అను పథకమును ఆరంభించినది. పుట్టిననాటినుండి 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించుట దీని పని. నిబంధన ప్రకారము సంచార వైద్యబృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏటికొకసారి రావలెను. పరీక్షింపవలసిన లోపములలో మాట ఆలస్యము, కదలికల ఆలస్యము కూడ కలవు. ఆ బృందము వచ్చుదినము ముందుగా తెలిసికొని, బడికిగాని అంగన్‌వాడికిగాని రాని పిల్లలను ఆనాడు అక్కడికి చేర్చుట మీచేతిలోని పని. లోపముగల పిల్లవాడు ఇంటిలో నుండిపోవుటయు, బాగున్న పిల్లలకే పరీక్ష జరుగుటయు తరచుగా చూచుచున్నాము.

రెండవ మెట్టు జిల్లా సత్వర చికిత్సా కేంద్రము. దీనినే డి.ఇ.ఐ.సి. అందురు. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, చెవి మాటల నిపుణుడు ఒకేచోట నుండునట్లు దీనిని ఏర్పరచినారు. సేవలు ఉచితము. ఉద్యోగము ఖాళీగానున్న సమయములు అక్కడక్కడ నుండును. కనుక మాటల నిపుణుడు ఏ దినమున నుండునో ముందు ఫోనున కనుగొని పంపుట మేలు. కూలి మానుకొని పోయినవారు వట్టిచేతులతో తిరిగివచ్చినచో రెండవసారి పోరు. ఇది మనుష్యస్వభావము, దానిని అజ్ఞానమనుట తగదు.

అంతకుమించిన సలహా కావలసినపుడు పెద్ద సంస్థలు కలవు. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో స్థాపితమైన జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థ కలదు. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. నెల్లూరులో సంయుక్త ప్రాంతీయ కేంద్రము పనిచేయుచున్నది. రాయలసీమవారికి మైసూరు దూరము కాదు. అక్కడ 1965లో నెలకొల్పిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు దేశమున పేరెన్నికగన్నది. ప్రైవేటు చికిత్సకు పోవువారు, ఆ చికిత్సకునికి భారత పునరావాస మండలి వారి నమోదు కలదో లేదో అడిగి చూడవలెను. బోర్డు కట్టినవారందరు నిపుణులు కారు.

ఇంతవరకు చెప్పినది చిరునామాలు. అసలు చిక్కు ఇకమీద నున్నది. ఈ లోపమునకు ఇంజెక్షను లేదు, మాత్ర లేదు. ఉన్న చికిత్స అభ్యాసమే. నిపుణుడు ఎదుట కూర్చుండి, తన నోటిని చూడుమని, మెల్లగా కలసి పలికించి, తరువాత తన వెనుక పలికించి, పిమ్మట బిడ్డనే ఒంటరిగా పలుకనిచ్చును. మాట చిన్నదైనను పదులకొలది సార్లు పలుకవలెను. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయమువారు నాలుగేండ్లనుండి పండ్రెండేండ్ల వయసుగల 26 మంది అప్రాక్సియా పిల్లలను రెండు జట్లుగా చేసి రెండు పద్ధతులలో శిక్షణ నిచ్చినారు. దినమున కొక గంట, వారమునకు నాలుగు దినములు, మూడు వారములు. రెండు జట్ల పిల్లలును మెరుగుపడినారు. ఈ ఫలితము 2015లో వెలువడినది. ఇంగ్లండులో లిండ్సే పెన్నింగ్టన్ అను పరిశోధకురాలు సెరిబ్రల్ పాల్సీగల పిల్లలకు వారమునకు మూడుసార్లు చొప్పున ఆరువారములు ఊపిరి పట్టుట, మెల్లగా పలుకుట నేర్పగా, వారి మాట ఇతరులకు మునుపటికంటె ఎక్కువగా అర్థమైనది. ఇవి చిన్న పరిశోధనలే. ఈ విద్యలో గట్టి నిదర్శనములు ఇంకను కొద్దిగానే యున్నవని సమీక్షకులు చెప్పియున్నారు. అయినను అభ్యాసము తరచుగా జరుగవలెనను విషయమున నిపుణుల మాట ఒక్కటియే.

వారమునకు నాలుగుసార్లు! జిల్లాకేంద్రమునకు డెబ్బది కిలోమీటర్ల దూరమున నున్న కూలితల్లికి ఇది సాధ్యమా? నెలకొకసారి పోవుటే గగనము. నెలకొకసారి జరుగు చికిత్స, నెలకొకసారి నీరుపెట్టిన నారుమడి వంటిది. ఈ దూరమును తగ్గించు ఉపాయము మనచేతిలో నున్నదని నా అభిప్రాయము. నిపుణుడు జిల్లాలో నుండుగాక. అభ్యాసము ఊరిలో జరుగవలెను. నిపుణుడు నెలకొకసారి చూచి, ఏ మాటలు ఎట్లు పలికింపవలెనో తల్లికి చేసి చూపవలెను. తల్లి వెంట అంగన్‌వాడి కార్యకర్తగాని, చదువుకొనిన అక్కగాని, పినతండ్రిగాని పోయి నేర్చుకొని రావలెను. ఆ పాఠమును చరవాణిలో చిత్రించి తెచ్చుకొనవలెను. ఊరిలో దినమున రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి పది నిముషములు, గోల లేని చోట కూర్చుండవలెను. ఒంటిగది ఇండ్లలో గోల లేని చోటు దొరకదు. సాయంత్రము బడిగదియో, పంచాయతీ కార్యాలయములోని ఒక మూలయో ఇచ్చినచో ఖర్చేమున్నది?

అభ్యాసమునకు ఎట్టి మాటలు ఎన్నుకొనవలెను అనునది చిన్న విషయము కాదు. మార్కెట్టులో దొరకు బొమ్మల కార్డులు, పుస్తకములు చాలవరకు ఆంగ్లమున నున్నవి. ఆంగ్లమున "క్యాట్" హల్లుతో ముగియును. మన భాష అజంతము. మన మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. "పిల్లి, కుక్క, అక్క, అమ్మ, తాత" మన పసివారి నోట మొదట పలుకు మాటలు. వానిలో ద్విత్వములు మెండు. ఆంగ్లపు జాబితాను తెలుగు బిడ్డకు తగిలించుట ఒకరి చెప్పులు మరియొకరికి తొడుగుటయే. ఆ బిడ్డకు దినమెల్ల అక్కరకు వచ్చు అయిదారు మాటలు చాలును: "అమ్మ", "దా", "పాలు", "వద్దు", "ఇయ్యి", తన పేరు. అవి కూడ ఇంటిలో ఎట్లు పలుకుదురో అట్లే యుండవలెను. పాఠ్యపుస్తకపు తెలుగు దీనికి అక్కరలేదు. తండాలలో లంబాడీ మాటయు, మన్యములో కోయ మాటయు, ఉర్దూ ఇండ్లలో ఉర్దూయు పలికింపవలెను. రెండు భాషలు వినుటవలన ఈ చిక్కు పుట్టదు. ఇంటి భాషను మానిపించినందువలన తగ్గదు.

నాలుకకు తేనె రాసి నాకించుట, బుడగలు ఊదించుట, బుగ్గలు ఉబ్బించుట మొదలగు కసరత్తులను కొందరు నెలలతరబడి చేయించుచున్నారు. వీనివలన మాట మెరుగగునని చెప్పుటకు తగిన నిదర్శనము లేదని 2009లో జరిగిన సమీక్ష తేల్చినది. ఈత నేర్వవలసినవాడు గట్టుమీద నిలిచి కాళ్లు చేతులు ఆడించినట్లుండును. మాట నేర్వవలసినవాడు మాటయే పలుకవలెను.

కండరముల లోపముగల బిడ్డ విషయమున ఒక హెచ్చరిక. మ్రింగుటకు కూడ ఆ కండరములే కావలెను. పడుకొనబెట్టి ఉగ్గుపోయుట ప్రమాదకరము. వీపునకు ఆనుకలి పెట్టి నిటారుగా కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా తినిపింపవలెను. నీరు త్రాగిన ప్రతిసారి దగ్గు వచ్చుచున్నను, మాటిమాటికి రొమ్ముపడిశము చేయుచున్నను వైద్యునికి చూపవలెను. ఇది మాటకంటె ముందు చూడవలసిన సంగతి.

కొందరు పిల్లలకు ఎంత అభ్యాసము చేసినను మాట చాలినంతగా రాదు. వారికి బొమ్మలపలక ఒక సాధనము. అట్టమీద నీరు, అన్నము, మరుగుదొడ్డి, నొప్పి, ఆట, ఇల్లు, అవును, కాదు అను బొమ్మలు అతికించి, వ్రేలితో చూపుట నేర్పుదురు. చరవాణిలో బొమ్మను తాకినచో మాట వినిపించు సాధనములు కూడ మనదేశముననే తయారైనవి. చెన్నైలో పుట్టిన ఆవాజ్, బొంబాయి ఐ.ఐ.టి.లో రూపొందిన జెలో అట్టివి. "బొమ్మలు చూపుట మరగినచో ఇక మాటాడడేమో" యని తల్లులు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. 2006లో ప్రకటితమైన ఒక సమీక్షలో గట్టి నిదర్శనములున్న పిల్లలను, పెద్దలను లెక్కించి చూడగా, ఇట్టి సాధనములవలన మాట తగ్గినవాడు ఒక్కడును లేడు. ఎక్కువమందికి కొంత పెరిగినది. చేతిపంపుపై, అంగన్‌వాడి గోడపై నినాదములు వ్రాయించు మనము, అదే గోడపై ఎనిమిది బొమ్మలు వేయింపలేమా? మాటగల పిల్లలు కూడ దానితో ఆడుకొందురు; అప్పుడు మాట లేనివాడు ఒంటరివాడు కాడు.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. 2016 వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. అందు సెరిబ్రల్ పాల్సీయు, శాశ్వతమైన వాక్ భాషా వైకల్యమును కలవు. నూటికి 40 వంతులు లేదా అంతకు మించిన వైకల్యమున్నట్లు ధ్రువపడిన పిల్లలకు ఆరునుండి పదునెనిమిదేండ్లవరకు దగ్గరి బడిలోగాని, కోరుకొనిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితవిద్య హక్కు. యు.డి.ఐ.డి. కార్డు అన్నిటికి ఆధారము. సెరిబ్రల్ పాల్సీగల పిల్లలకు నేషనల్ ట్రస్టువారి నిరామయ అను ఆరోగ్యబీమా కలదు. ఏటికి ఒక లక్ష రూపాయలవరకు వర్తించును, థెరపీ ఖర్చులును అందు చేరును. అప్రాక్సియా మాత్రమే యున్న పిల్లవానికి నిరామయ వర్తింపదు. చికిత్సతో మారుచున్న మాటకు శాశ్వత ధ్రువపత్రము కూడ వెంటనే రాకపోవచ్చును. కావున కార్డు వచ్చినపిదప చికిత్స అనుకొని కూర్చుండరాదు, డి.ఇ.ఐ.సి. తలుపు కార్డు లేనివానికి కూడ తెరచియే యుండును.

బడి విషయమున మండలములలో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రములు, ప్రత్యేక ఉపాధ్యాయులు కలరు. వారిని మీ బడికి పిలిపించి, ఈ పిల్లవానికి నోటిప్రశ్నలకు బదులు పలకపై వ్రాయుటకో, బొమ్మ చూపుటకో అవకాశ మిచ్చునట్లు ప్రధానోపాధ్యాయునితో మాటాడవలెను. ఏడేండ్లవానిని మాట రాలేదని అంగన్‌వాడిలోనే కూర్చుండబెట్టుట తగదు. పేర్లు పెట్టి పిలుచు అలవాటును గూర్చియు ఒక మాట. "మూగోడు", "నత్తోడు" అని నలుగురిలో అవమానింపవలెనని అనుట పై చట్టము 92వ సెక్షను ప్రకారము నేరము. ఆరునెలలకు తగ్గని శిక్ష కలదు. కేసులు పెట్టుమని నా ఉద్దేశము కాదు. గ్రామసభలో సర్పంచు ఆ బిడ్డను అసలు పేరుతో పిలిచినచో ఊరు తానే నేర్చుకొనును.

పంచాయతీ కార్యాలయములో ఒక పుస్తకముంచుడు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడి కార్యకర్త, ఎ.ఎన్.ఎం. ముగ్గురిని కూర్చుండబెట్టి, వార్డువారీగా మాట కుదరని పిల్లల పేర్లు, వయసు, చెవి పరీక్ష జరిగినదో లేదో, జిల్లా కేంద్రమునకు పోయిన తేది, మరల పోవలసిన తేది వ్రాయింపుడు. పోవలసిన తేది దాటినచో ఆ వార్డుసభ్యుడు ఇంటికి పోయి కారణము కనుగొనవలెను. కారణము బస్సుచార్జీ కావచ్చును; పంటకోత కావచ్చును; అత్తగారి అడ్డు కావచ్చును. ఒకే దారిలో రెండు మూడు గ్రామముల పిల్లలున్నచో ఒకే దినమున ఒకే వాహనములో పోవునట్లు మీరు మీరు కూడబలుకుకొనవచ్చును. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, తక్కువ ఖర్చు పనులలో, దీనిని చేర్చుటకును వీలున్నది.

తొలిసారి పోవునపుడు తల్లి వెంట కొన్ని వస్తువులుండవలెను. మాతాశిశు సంరక్షణ కార్డు, ఆధారు, కాన్పు జరిగిన ఆసుపత్రివారు ఇచ్చిన కాగితము. బిడ్డ పుట్టగానే ఏడ్చినదో లేదో, కామెర్లు ముదిరినవో లేదో దానివలన తెలియును. బిడ్డ ఏ నెలలో మెడ నిలిపినది, ఏ నెలలో కూర్చున్నది, ఏయే మాటలు పలుకునది ఒక కాగితముపై వ్రాసిపెట్టవలెను. వ్రాయరాని తల్లికి వార్డుసభ్యులే వ్రాసి యిచ్చినచో మంచిది. క్రొత్తచోట, తెల్లకోటు ముందు, ఈ పిల్లలు నోరు తెరవరు. కావున ఇంటిలో ఆడుకొనుచు, అన్నము తినుచు, అవ్వతో ముచ్చటించుచున్నపుడు రెండు నిముషములు చరవాణిలో చిత్రించి తీసికొనిపోవలెను. నిపుణుడు మొట్టమొదట చూడగోరునది అదియే.